పేరు వంకర, తీరు నిటారు



కిందటి నెల మర్రిచెట్టు ఊడల సంగతి చెప్పుకున్నాం. మర్రి మన ఊళ్ళో చెట్టు. ఈసారి మన ఊళ్ళో లేని చెట్టు సంగతి చెబుతాను. దాన్ని చూడాలంటే సముద్రాలు దాటి ఉత్తర అమెరికా ఖండంలో పడమటి ఒడ్డుకు పోవాలి. "అంత దూరం ఎందుకండీ, చెట్లు ఇక్కడ లేవా?" అంటారేమో. ఆ చెట్టు విషయంలో శాస్త్రజ్ఞులు నూరేళ్ళకు పైగా ఒక చిక్కు ప్రశ్నతో తల బద్దలు కొట్టుకున్నారు. ప్రశ్న వినడానికి చాలా చిన్నది: "ఇది ఒక చెట్టా, నాలుగు చెట్లా?" కాని ఆ జవాబు తెలియక గింజలు చల్లితే మనిషి జీవితకాలపు శ్రమ బూడిదలో పోసిన పన్నీరవుతుంది. ఎలాగో వినండి.

ఇది పైన్ చెట్లలో ఒకటి. పైన్ చెట్లకు ఆకులు సూదుల్లా సన్నగా ఉంటాయి. వీటికి మామిడిలాగా, వేపలాగా పూలూ పళ్ళూ ఉండవు. చెక్కతో చేసినట్టు గట్టిగా, పొలుసులు పొలుసులుగా ఉండే కాయలుంటాయి. ఆ పొలుసుల సందుల్లో గింజలు దాగి ఉంటాయి. కాయ ఆకారం శంకువులాగా ఉంటుంది గనక ఇలాంటి చెట్లను శంకుధారులంటారు. సముద్రపు ఒడ్డున ఉన్నవాళ్ళు, "మా సరుగుడు చెట్టు కూడా అట్లాగే ఉంటుందే!" అనవచ్చు. చూపుకు అట్లాగే ఉంటుంది, నిజమే. కాని సరుగుడు పూలు పూసే చెట్ల కుటుంబానికి చెందింది. పైన్‌తో దానికి చుట్టరికం లేదు.

మన హిమాలయాల్లో ఒక పైన్ చెట్టు ఉన్నది. సంస్కృతంలో దానికి సరళ వృక్షమని పేరు. సరళమంటే వంకర లేనిది, తిన్ననిది. చెట్టు తిన్నగా పెరుగుతుంది, పేరు కూడా అట్లాగే పెట్టారు. ఎంత బాగుందో చూడండి!

మరి మన కథలోని చెట్టుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరేమిటో తెలుసా? పైనస్ కంటార్టా. అది లాటిన్ భాష. దాని అర్థం "మెలి తిరిగిన పైన్". అదే చెట్టును అమెరికాలో జనం లాడ్జ్‌పోల్ పైన్ అంటారు. "గుడారానికి వేసే వాసపు పైన్" అన్నమాట. గుడారం వాసానికి వంకర కర్ర ఎవరైనా తెస్తారా? తిన్నని కర్రే కావాలి గదా! ఒకే చెట్టుకు వంకర పేరూ, నిటారు పేరూ ఎట్లా వచ్చాయి?

దీనికి మనం 1825వ సంవత్సరానికి వెళ్ళాలి. స్కాట్లండులో రాళ్ళు చెక్కే పనివాడి కొడుకు డేవిడ్ డగ్లస్. కొత్త కొత్త మొక్కలు వెతికి తెమ్మని లండనులోని తోటల సంఘంవారు అతణ్ణి ఉత్తర అమెరికా పంపారు. ఓడ కొలంబియా నది సముద్రంలో కలిసేచోటికి చేరింది. అక్కడి ఒడ్డున డగ్లస్ ఒక పైన్ చెట్టును చూశాడు. అది గూనివాడిలా వంగి, కొమ్మలు మెలి తిరిగి, గుబురుగా ఉన్నది. పసిఫిక్ సముద్రపు గాలి ఏడాది పొడుగునా ఆ ఒడ్డును కొడుతూనే ఉంటుంది. గాలిలో ఉప్పు తుంపర కూడా ఉంటుంది. కాళ్ళ కింద ఇసుకో, బురదో. అలాంటి చోట ఏ చెట్టు మాత్రం తలెత్తుకుని నిలబడుతుంది? డగ్లస్ దానికి "మెలి తిరిగినది" అనే పేరు ఎంచాడు.

పాపం, ఆ పేరు అచ్చులో చూసుకునే యోగం డగ్లస్‌కు లేకపోయింది. 1834లో హవాయి దీవుల్లో అడవి పశువులను పట్టడానికి తవ్విన గోతిలో అతను శవమై కనిపించాడు. అప్పటికి అతనికి 35 ఏళ్ళు. నాలుగేళ్ళ తరవాత, 1838లో, లౌడన్ అనే గ్రంథకర్త తన పుస్తకంలో ఆ పేరును అచ్చు వేయించాడు. శాస్త్రంలో ఒక నియమం ఉన్నది. ఒక చెట్టుకు సరిగ్గా అచ్చులో పెట్టిన మొదటి పేరే నిలుస్తుంది. అందుచేత పైనస్ కంటార్టా అనే పేరు ఖాయమైపోయింది.

సరే, ఇప్పుడు ఒడ్డు వదిలి తూర్పుగా, ఖండం లోపలికి పోదాం. కొండలు దాటి, లోయలు దాటి పోతే రాకీ పర్వతాలు వస్తాయి. అక్కడ కూడా జంట సూదుల ఆకులున్న పైన్ చెట్లు ఉన్నాయి. కాని వాటిని చూస్తే డగ్లస్ చూసిన చెట్టు గుర్తుకు కూడా రాదు. కొలబద్ద పెట్టి గీసినట్టు తిన్నగా, సన్నగా, వేలకు వేలు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. 20, 25 మీటర్ల ఎత్తు వాటికి మామూలే. మైదానాల్లో అడవి దున్నలను వేటాడుతూ తిరిగే అక్కడి ఆదివాసులు తోలు గుడారాలలో ఉండేవారు. ఆ గుడారాల వాసాల కోసం కొండలకు వచ్చి ఈ చెట్లలో లేతవాటిని నరికి పట్టుకుపోయేవారు. వాసపు పైన్ అనే పేరు అట్లా వచ్చింది. ఈ లోపలి చెట్టుకు ఎంగెల్మన్ అనే వైద్యుడు "లాటిఫోలియా" అని పేరు పెట్టాడు. అది అచ్చయింది 1871లో. వెడల్పాటి ఆకు గలదని దాని అర్థం. సూదికి వెడల్పేమిటని నవ్వకండి. ఒడ్డు చెట్టు సూది కన్నా దీని సూది కొంచెం వెడల్పు, అంతే.

ఈ కొండ చెట్టులో అసలు వింత దాని కాయలో ఉన్నది. మామూలుగా పైన్ కాయ ముదరగానే పొలుసులు విచ్చుకుని గింజలు గాలికి ఎగిరిపోతాయి. కొండ చెట్లలో చాలా వాటి కాయలు ముదిరినా విచ్చుకోవు! పొలుసులను ఒకదానితో ఒకటి గట్టి బంక అతికించి ఉంచుతుంది. మనం లక్కతో సీలు వేసిన కవరులాగా అన్నమాట. ఆ కాయ ఏళ్ళ తరబడి కొమ్మను అంటుకుని ఉంటుంది. లోపల గింజలు బతికే ఉంటాయి. వేడి 45 డిగ్రీలు దాటి బాగా పెరిగితేగాని ఆ బంక కరగదు. చలి కొండల మీద చెట్టు కొమ్మకు అంత వేడి ఎక్కడినించి వస్తుంది? అడవి అంటుకున్నప్పుడు వస్తుంది!

మంట వస్తుంది. తల్లి చెట్టు మాడిపోతుంది. కాని ఆ మంటకే కాయ మీది బంక కరుగుతుంది. మంట చల్లారాక పొలుసులు విచ్చుకుంటాయి. బూడిద మీద గింజలు రాలుతాయి. అడ్డు నీడ లేదు, పోటీ మొక్క లేదు, బోలెడంత ఎండ. గింజలు మొలుస్తాయి. 1988లో అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కులో పెద్ద కార్చిచ్చు పుట్టింది. పార్కులో మూడో వంతుకు పైగా, అంటే సుమారు 3 లక్షల 20 వేల హెక్టార్లు, మంటల పాలైంది. "ఇక ఈ అడవి పని అయిపోయింది" అనుకున్నవాళ్ళు చాలామంది. ఆ తరవాత కొన్ని చోట్ల హెక్టారుకు లక్షకు పైగా పిల్ల మొక్కలు లేచాయి! అవన్నీ ఈ వాసపు పైన్ పిల్లలే. ఎందుచేతనంటే ఆ పార్కు అడవుల్లో నూటికి 80 వంతులు ఈ చెట్లే.

ఇంకొంచెం తిరుగుదాం. ఇప్పుడు దక్షిణంగా, సియెర్రా నెవాడా పర్వతాలకు. అవి కాలిఫోర్నియాలో ఉన్నాయి. అక్కడి చెట్టు కూడా నిటారుగానే ఉంటుంది, మొదలు లావెక్కుతుంది. కాని కాయ చూడండి: తేలికగా, రెండు వైపులా సమంగా ఉంటుంది. ముదరగానే విచ్చుకుంటుంది, కొన్నేళ్ళలోనే రాలిపోతుంది. సీలూ లేదు, లక్కా లేదు! సియెర్రా అడవుల్లో మంటలు రాకీ పర్వతాల్లో వచ్చినట్టు కొండ మొత్తాన్ని ఒక్కసారిగా తుడిచిపెట్టడం తక్కువ. మంట కోసం కాచుకు కూర్చుంటే గింజలు వృథా అవుతాయి. అందుచేత ఏ ఏటి గింజలను ఆ ఏడే విడిచిపెట్టే చెట్టు అక్కడ గెలిచింది. ఈ రకపు చెట్టును 1852లో జాన్ జెఫ్రీ అనే మరో స్కాట్లండు యువకుడు ఆ పర్వతాలకు ఉత్తరపు వైపున చూసి, నమూనాలు ఎడిన్‌బరోకు పంపాడు. 1853లో బాల్ఫర్ అనే ఆచార్యుడు దానికి "ముర్రయానా" అని పేరు పెట్టాడు. మరుసటి ఏడే జెఫ్రీ అమెరికాలో ఎటో వెళ్ళి మళ్ళీ కనిపించలేదు. ఏమయ్యాడో ఈనాటికీ ఎవరికీ తెలియదు. మొక్కలు వెతికేవాళ్ళ బతుకులు అట్లా ఉండేవి!

ఇక నాలుగోది. ఇది కూడా కాలిఫోర్నియాలోనే. మెండొసీనో అనేచోట సముద్రం పక్కన నేల మెట్లు మెట్లుగా ఉంటుంది. లక్షల సంవత్సరాలుగా నేల సముద్రంలోనించి పైకి లేస్తూ ఒక్కొక్క మెట్టూ ఏర్పడింది. పై మెట్ల మీద నేల తెల్లగా పాలిపోయి ఉంటుంది. వానలు అందులోని సారమంతా కడిగేశాయి. అది నిమ్మకాయలా పుల్లని నేల. దాని కింద ఇనుప రేకులాంటి గట్టి పొర, వేళ్ళు దిగవు, నీళ్ళు దిగవు. అక్కడ నూరేళ్ళు దాటిన పైన్ చెట్టు మీ భుజం దాకా వస్తే గొప్ప! తాతయ్య వయసు, మనవడి ఎత్తు! ఈ మరుగుజ్జు చెట్టు కాయ మాత్రం కొండ చెట్టు కాయలాగా మూసుకునే ఉంటుంది. బొలాండర్ అనే ఆయన సేకరించిన నమూనాలను చూసి 1868లో ఇటలీ శాస్త్రజ్ఞుడు పార్లటోరే దానికి "బొలాండరీ" అని పేరు పెట్టాడు.

చూశారా! ఒడ్డున గూని చెట్టు. రాకీల మీద సీలు వేసిన కాయల చెట్టు. సియెర్రాలో కాయలు విడిచిపెట్టే చెట్టు. తెల్ల నేలలో మరుగుజ్జు చెట్టు. పేర్లు నాలుగు, రూపాలు నాలుగు. మరి జాతులు కూడా నాలుగేనా?

ఇక్కడ మన దేశానికి ఒక్కసారి వద్దాం. ఒంగోలు ఎద్దును చూసే ఉంటారు. మూపురం ఎత్తుగా ఉండి, గంగడోలు ఊగుతూ, మనిషికి సమానంగా నిలబడుతుంది. చిత్తూరు వైపు పుంగనూరు ఆవు ఉన్నది. అది మీ నడుము దాకా వస్తుంది, అంతే. వీటిని రెంటినీ పక్కపక్కన నిలబెట్టి మన దేశపు పశువులను ఎన్నడూ చూడని మనిషికి చూపిస్తే, "ఇవి రెండు వేరు వేరు జంతువులు" అని ప్రమాణం చేసి చెబుతాడు. కాని రెండూ ఆవులే. రెంటికీ దూడలు పుడతాయి. ఆ దూడలకు మళ్ళీ దూడలు పుడతాయి. ఎత్తు వేరైనంత మాత్రాన జాతి వేరు కాదు.

మన చెట్ల సంగతీ అంతే. నాలుగింటికీ సూదులు జంటలు జంటలుగానే ఉంటాయి. ఒకదాని పుప్పొడి ఇంకొకదాని మీద పడితే మంచి గింజలే పుడతాయి. ఇంతకన్నా పెద్ద ఋజువు ఇంకొకటి ఉన్నది. ఒడ్డునించి కొండల వైపు నడుస్తూపోతే, ఇక్కడ గూని చెట్టు ఆఖరు, ఇక్కడ నిటారు చెట్టు మొదలు అని గీత గీయడానికి వీలుండదు. మధ్యలో అంతటా మధ్యరకం చెట్లు కనిపిస్తాయి.

ఇది మనకు కొత్త కాదు. మన భాషనే చూడండి. శ్రీకాకుళం వాళ్ళ యాస ఒకటి, గోదావరి వాళ్ళది ఒకటి, కడప, కర్నూలు వాళ్ళది ఒకటి, వరంగల్లు, కరీంనగరం వాళ్ళది ఒకటి. నోరు విప్పితే చాలు, ఎక్కడివారో పట్టేస్తాం. కాని శ్రీకాకుళంలో బయలుదేరి ఊరు తరవాత ఊరు నడుస్తూపోతే, ఏ పొలిమేర దగ్గర ఒక యాస ఆగి ఇంకొకటి మొదలైందో చెప్పగలమా? చెప్పలేం. అన్నీ తెలుగే. అట్లాగని "యాసలే లేవు, తెలుగంతా ఒకటే తీరు" అంటే అదీ అబద్ధమే.

చెట్ల విషయంలో ఈ మాట తేల్చి చెప్పినవాడు విలియం క్రిచ్‌ఫీల్డ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు. ఈ చెట్టు రాజ్యం చిన్నదేమీ కాదు. ఉత్తరాన యూకాన్ మంచు ప్రాంతంనించి దక్షిణాన మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా కొండల దాకా, సముద్రపు ఒడ్డునించి 3 వేల మీటర్లకు పైగా ఎత్తు దాకా ఉన్నది. కాశ్మీరునించి కన్యాకుమారికి ఉన్న దూరం కన్నా ఎక్కువే! అంతటా పెరిగే చెట్ల కాయలనూ, సూదులనూ కొలిచి, పోల్చి చూసి 1957లో ఆయన తన గ్రంథం ప్రకటించాడు. ఆయన తీర్పు ఇది: జాతి ఒక్కటే, పైనస్ కంటార్టా. కాని అందులో నాలుగు ఉపజాతులున్నాయి. ఒడ్డుది కంటార్టా, మరుగుజ్జుది బొలాండరీ, రాకీలది లాటిఫోలియా, సియెర్రాది ముర్రయానా. పాత పేర్లు పారేయలేదు, ఒకే ఇంటి పేరు కింద నలుగురు అన్నదమ్ముల్లా నిలబెట్టాడు.

అందరూ ఒప్పుకున్నారా అంటే, పూర్తిగా లేదు. కొందరు ఉపజాతి అనకుండా "రకం" అంటారు. కొన్ని గ్రంథాల్లో మరుగుజ్జును ఒడ్డు చెట్టులోనే కలిపి మూడే లెక్క పెడతారు. ప్రకృతి గీతలు గీయదు గదా! గీసేది మనమే. గీత ఎక్కడ గీయాలన్న విషయంలో పేచీలు తప్పవు. కాని ఇన్ని రూపాలదీ ఒకే జాతి అనే మాటను ఈనాడు వృక్షశాస్త్రజ్ఞులు ఒప్పుకుంటారు.

ఇప్పుడు మీలో తెలివైనవాళ్ళు ఒక ప్రశ్న వేస్తారు. "ఒడ్డు చెట్టు గాలి కొట్టి వంకర పోయింది. మరుగుజ్జుకు తిండి లేక ఎదగలేదు. కొండ చెట్టుకు చోటు బాగుంది, తిన్నగా పెరిగింది. అంతా నేల చేసిన పని. గింజలో తేడా ఏముంది?" అని.

మంచి ప్రశ్న. దీన్ని వాదించి తేల్చలేం, చేసి చూడాలి. వేరు వేరు చోట్ల గింజలు తెచ్చి ఒకే మడిలో పక్కపక్కన వేయాలి. ఒకే నేల, ఒకే నీరు, ఒకే గాలి. తేడా నేలదే అయితే మొక్కలన్నీ ఒకే తీరున పెరగాలి. అప్పటికీ తేడా కనిపించిందంటే అది గింజలో ఉన్నట్టే లెక్క.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా అడవుల శాఖవారు ఈ పనే చేశారు. 1974లో ఇల్లింగ్‌వర్త్ అనే అధికారి ఆధ్వర్యాన 140 చోట్లనించి ఈ పైన్ గింజలు తెచ్చి పెంచిన మొక్కలను 60 తోటల్లో నాటారు. ఒక్కొక్క తోట ఒక్కొక్క వాతావరణంలో ఉన్నది. ఆ చెట్లను ఏళ్ళ తరబడి కొలుస్తూ వచ్చారు. ఏం తేలిందంటారు? పక్కపక్కన నిలబడి, ఒకే వానకు తడిసిన చెట్లు కూడా ఒకే తీరున పెరగలేదు! ఉత్తరాదినించి వచ్చినవి దక్షిణపు తోటలో ముందుగానే ఎదుగుదల ఆపేశాయి. వేసవి చివర రాత్రులు కాస్త పొడుగు కాగానే, "చలికాలం వస్తున్నది, ఇక పని కట్టిపెట్టు" అని వాటి గింజలో రాసి ఉన్నది. అక్కడ చలి ఇంకా దూరంలో ఉన్నదని వాటికి తెలియదు. దక్షిణాదినించి వచ్చినవి ఉత్తరపు తోటలో దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఎదుగుతూనే ఉన్నాయి. లేత కొనలు ముదరకముందే మంచు వచ్చి కాల్చేసింది. చూశారా! చెట్టు కదలకుండా ఒకేచోట ఉంటుంది. కాని దాని తాతముత్తాతలు చూసిన ఋతువులన్నీ దాని గింజలో మూట కట్టి ఉంటాయి.

కాబట్టి మీ ప్రశ్నకు జవాబు: కొంత నేలది, కొంత గింజది. మరుగుజ్జు చెట్టు పొట్టితనంలో ఆ పాలిపోయిన నేల పాత్ర చాలా ఉన్నది. కాని కాయ మూసుకోవడం, సూది వెడల్పు, ఎదుగుదల ఎప్పుడు ఆపాలన్న లెక్క, ఇవి గింజతో వచ్చే గుణాలు. ఉపజాతి అనేది ఊరికే పెట్టిన బిరుదు కాదన్నమాట.

ఇప్పుడు మొదట చెప్పిన మాట గుర్తు తెచ్చుకోండి. జవాబు తెలియక గింజలు చల్లితే ఏమవుతుంది?

ఇరవయ్యో శతాబ్దంలో ఐర్లండు, బ్రిటను దేశాలవారు తమ బీడు భూముల్లో ఈ పైన్ నాటారు. ఒడ్డు ప్రాంతపు గింజలు తెస్తే చెట్లు బురద నేలలో కూడా జోరుగా పెరిగాయి. అందరూ సంతోషించారు. కాని చాలా చెట్లు మొదట్లోనే వంగి కొడవలిలా పెరిగాయి. వంకర దూలం ఎవరికి కావాలి? లోపలి కొండల గింజలు వేస్తే చెట్లు తిన్నగా వచ్చాయిగాని, అక్కడ నత్తనడకన పెరిగాయి. రెండు సంచుల మీదా పేరు మాత్రం ఒకటే, పైనస్ కంటార్టా! స్వీడను దేశంవారు 1970ల నించి లక్షల హెక్టార్లలో ఈ చెట్టును నాటారు. వారు మాత్రం తమ దేశంలాంటి చలి ఉండే యూకాన్, బ్రిటిష్ కొలంబియా లోపలి ప్రాంతాల గింజలను ఎంచుకున్నారు. అక్కడ చెట్లు బాగా కుదురుకున్నాయి. వరి పంట తప్పితే మరుసటి కారులో దిద్దుకోవచ్చు. అడవి తప్పితే యాభై, అరవై ఏళ్ళు పోయినట్టే. నాటినవాడు తన తప్పు చూడనైనా చూడడు.

ఈ సంగతి ఈనాడు ఇంకా అవసరమైంది. బ్రిటిష్ కొలంబియాలో బియ్యపుగింజంత నల్లని పురుగు ఒకటి ఉన్నది. అది పైన్ బెరడు కింద తొలిచి చెట్టును చంపుతుంది. వెనక గడ్డకట్టే చలికాలాలు వచ్చి ఆ పురుగు పిల్లలను చాలా మట్టుకు చంపేవి. భూమి వేడెక్కి చలికాలాల్లో చలి తగ్గింది, పురుగు పెచ్చు పెరిగింది. 1990ల చివరనించి సుమారు 1 కోటి 80 లక్షల హెక్టార్ల అడవిలో దాని దెబ్బ కనిపించింది. మన ఆంధ్రప్రదేశ్ మొత్తం విస్తీర్ణం కన్నా అది ఎక్కువ!

ఆ అడవిని మళ్ళీ పెంచాలి. ఏ గింజ వేయాలి? అక్కడే పుట్టిన గింజ ఇన్నాళ్ళూ మంచిదే. కాని ఈనాడు నాటిన మొక్క ఎనభై ఏళ్ళ తరవాత కూడా అక్కడే నిలబడాలి. అప్పటికి ఆ చోట వాతావరణం మారిపోతే? అందుచేత కొంచెం వెచ్చని చోటి గింజలు తెచ్చి వేయడం ఇప్పుడు అక్కడ మొదలుపెట్టారు. ఎంత దూరంనించి తేవచ్చు, ఎంత దూరం దాటితే మంచు కాలుస్తుంది అనే లెక్క ఎక్కడినించి వచ్చిందనుకున్నారు? 1974లో నాటిన ఆ 60 తోటల నించే! ఎవరో ఎప్పుడో ఓపికగా నాటి, ఓపికగా కొలిచి, పుస్తకంలో రాసిపెట్టారు. అది ఇప్పుడు అడవికి ప్రాణం పోస్తున్నది.

అందుకే అడవుల శాఖవారి గింజల సంచి మీద చెట్టు పేరు ఒక్కటే రాస్తే చాలదు. ఏ చోటినించి, ఎంత ఎత్తునించి తెచ్చారో కూడా రాయాలి. మనిషిని ఎరగాలంటే పేరుతో పాటు ఊరు కూడా అడుగుతాం గదా! చెట్టుకైనా అంతే.

ఇక మీకొక పని చెబుతాను. దీనికి పైన్ చెట్టు అక్కర లేదు, వేపచెట్టు చాలు. వేపపళ్ళు రాలే రోజుల్లో మీ ఊరి చెట్ల గింజలు కొన్ని తీయండి. దూరాన ఉన్న మీ అమ్మమ్మగారి ఊరి గింజలు కొన్ని తెప్పించండి. ప్రతి ఊళ్ళోనూ ఒక్క చెట్టువే కాకుండా నాలుగైదు చెట్ల గింజలు కలపండి. లేకపోతే మీరు ఊళ్ళను కాక రెండు చెట్లను పోల్చినవారవుతారు. వేపగింజ త్వరగా చచ్చిపోతుంది, కనక వారం పది రోజుల్లోనే విత్తండి. ఒకే మడిలో, ఒక వరస మీ ఊరిది, ఒక వరస అమ్మమ్మగారి ఊరిది, మళ్ళీ మీ ఊరిది, ఇట్లా మార్చి మార్చి వేయండి. ఒకవైపు నేల సారమెక్కువై మిమ్మల్ని మోసగించకుండా ఉంటుంది. ప్రతి వరస దగ్గరా పుల్ల గుచ్చి ఊరి పేరు రాయండి. నెలకొకసారి ఎత్తు కొలవండి, ఎన్ని మొలిచాయో, ఎన్ని చచ్చాయో లెక్క పెట్టండి. అంతా ఒక నోటుపుస్తకంలో తేదీతో సహా రాసుకోండి.

తేడా కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు. కనిపించకపోతే నిరుత్సాహపడవద్దు, అదీ ఒక జవాబే. పుస్తకం మాత్రం పారేయకండి. మొక్కలకు ఏడాది నిండాక వాటిని బడి ఆవరణలో నాటి, పుల్లలు మళ్ళీ గుచ్చండి.

వచ్చే నెల ఆకులు లేని చెట్టు అన్నం ఎట్లా వండుకుంటుందో చెప్పుకుందాం. అందాకా సెలవు.